ముందు చెప్పని టూరాయన

మమ్మల్ని రామేశ్వరం తీసుకుపోయిన టూరాయన ఏదీ ముందు చెప్పేవాడు కాదు. ఇసుకలో అరికాళ్లు కాలినాక, "ఒడ్డుదాకా చెప్పులేసుకోవాలె గదనే అవ్వా!" అనేవాడు.

నేను పోయింది నా పెనిమిటి మొక్కిన మొక్కు తీర్చడానికి. సముద్రంలో మునిగి, ఇరవైరెండు బావుల నీళ్లు పోయించుకుని దర్శనం వరుసలో నిలబడితే, అప్పుడొచ్చాడు టూరాయన.

"తడిచీరతోని లోపలికి రానియ్యరు. పొడిది తెచ్చుకోలేదా?"

"బస్సుల ఉన్నది. పొద్దుగాల నీ నోరు ఏడవోయింది కొడుకా?"

"మల్లొచ్చినప్పుడు యాదుంచుకో అవ్వా."

చీర మార్చుకుని వచ్చేసరికి మధ్యాహ్నమైందని గుడి మూసేశారు. మళ్లీ తెరిచేదాకా ఆగకుండా మా బస్సు తిరిగి బయలుదేరింది.

ఇప్పుడు మా సుల్తానాబాదులో ఎవరు రామేశ్వరం పోతున్నా ఎదురుపోయి చెబుతాను, పొడిచీర చంకలోనే పెట్టుకోండని. వాళ్లు చక్కగా దర్శనం చేసుకొచ్చి నాకు ప్రసాదం పెడతారు. నా పెనిమిటి మొక్కు మాత్రం అట్లనే ఉంది.