జమ్మలమడుగులో మూడుసార్లు ఇల్లు విడిచిన కవి

ఈ ప్రయాణానికి కారణం మా అక్క అలక. జమ్మలమడుగులో మగ్గం నేసే మా బావ ఊరి నాటకంలో మహాకవి వేషం కట్టాడు. ఆ కవికి ఇంట్లో ఇల్లాలు, వీధి చివర నాట్యకత్తె. ఇద్దరి మధ్య ఆయన ఊగిసలాటే నాటకం. "నాట్యకత్తె పద్యాలు మగ్గం కాడ గూడా పాడతాండాడు. నాతో పలుకే లేదు. ఆ నాటకానికి నేను పోను" అని అక్క కబురు పంపింది. ఆమె రాకపోతే బావ ముఖం చిన్నబోతుంది, ఆ ఇంట్లో మాటలు పూర్తిగా ఆగిపోతాయి. అందుకే బయల్దేరాను.

యుద్ధం వల్ల పెట్రోలు కరువు. కర్నూలులో తెల్లవారగానే బొగ్గుబస్సు ఎక్కి, నంద్యాలలో మారి, కోవెలకుంట్ల మీదుగా వెళ్లాలి. టిక్కెట్టు ధర అందుబాటులోనే ఉంది కానీ ఓపిక మాత్రం దండిగా కావాలి. ఎప్పుడు చేరతామని డ్రైవరును అడిగాను. "బొగ్గు రాజుకుంటే మాపటికి పోతాం తల్లీ. ల్యాకుంటే దిగి తోయాల" అన్నాడు. తోయవలసే వచ్చింది. మగవాళ్లు తోస్తుంటే నేను గొడుగు కింద నిలబడి సలహాలిచ్చాను.

సాయంత్రం అక్క జొన్నరొట్టె, నంజుకోవడానికి ఊరిబిండి పచ్చడి పెట్టింది. కోపంలోనూ ఆమె చేతి రుచి తగ్గలేదు. "బావ పాట బాగాలేకపోతే నవ్వడానికైనా రా" అంటే, మూతి ముడుచుకునే వచ్చింది.

దీపాలు పెట్టే వేళకు తెర లేచింది. ఇల్లాలి వేషం ఊరి దర్జీది. కవి మూట భుజాన వేసుకుని, ఇల్లాలిని విడిచి వెళ్తూ పద్యం ఎత్తుకున్నాడు. మా బావ గొంతు అంత బాగుంటుందని నాకు తెలియదు. జనం "వన్స్ మోర్" అని అరిచారు. మా సీమలో ఆ కేక పడితే చచ్చిన పాత్ర కూడా లేచి పాడాల్సిందే. వెళ్లిన కవి తిరిగొచ్చి, పాడి, మళ్లీ వెళ్లాడు. మళ్లీ కేక. మూడోసారీ పాడి వెళ్లబోతుంటే అక్క చాప మీద నుంచి లేచింది.

"ఏమప్పా, ఆయమ్మను ఎన్నిసార్లు ఇడిసిపెట్టిస్తారు? మీకు పెండ్లాలు ల్యారా?"

హార్మోనియం ఒక్కటే మోగుతోంది. బావ అక్క వైపు చూశాడు. మూట దించి, దర్జీ పక్కన కూర్చుని, నాటకంలో లేని మాట అన్నాడు.

"యాడికీ పోను మే. అన్నం పెట్టు."

తెర పక్కన గజ్జెలు కట్టుకుని ఎదురుచూస్తున్న నాట్యకత్తె వేషగాడు తల పట్టుకున్నాడు. జనం మాత్రం పందిరి ఎగిరిపోయేలా చప్పట్లు కొట్టారు.

ఆ కవి నిజంగా ఎవరి దగ్గర ఉండిపోయాడో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. నా మనసు నిండింది. ఇటు నాటకానికి వచ్చేవారికి ఒక్క మాట: మర్నాడు పొద్దుటి బస్సుకు తొందరపడకండి, మధ్యాహ్నం కూడా ఒకటుంది. నేను పొద్దునే వెళ్లిపోయి ఉంటే ఇది వినేదాన్ని కాదు. బావ మగ్గం గుంతలో కూర్చుని, తల ఎత్తకుండానే, "యాడికీ పోను మే, అన్నం పెట్టు" అన్నాడు. అక్క కండెలు చుట్టడం ఆపకుండా అంది:

"వన్స్ మోర్."