నడిచి చూపించమన్న లాయరమ్మ

మా సీనియర్ పోయారన్న కబురు గుమాస్తా ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను కోర్టు క్యాంటీన్‌లో పొంగల్ ముందు కూర్చుని ఉన్నాను. "అమ్మ పోయిందిమా" అన్నాడు. "పొద్దున కాఫీ తాగి పేపర్ తెమ్మనింది. నేను కిందికి పోయి వచ్చేలోపల..." నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఏ వార్త చూడటానికి పేపర్ తెమ్మన్నారో అనిపించింది. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ అంటుకునే జబ్బు ఇది. ఏడవాల్సిన చోట కూడా ముందు ప్రశ్నే పుడుతుంది. ఏడుపు ఆటోలో వచ్చింది, ఆవిడ ఇల్లున్న చూలై పేట వచ్చేదాకా ఆగలేదు.

ఆవిడ లాయరు. విమాన ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళ కుటుంబాల తరఫున విమాన కంపెనీలతో కొట్లాడటం ఆవిడ పని. క్లయింట్లు లాయరమ్మ అనేవాళ్ళు, మేం మేడం అనేవాళ్ళం. పేరు పెట్టి రాస్తే "నా గురించి పేపర్లో ఏందిమా?" అని పైనుంచి కేకలేస్తారు, అందుకని ఇక్కడా అలాగే రాస్తాను. ఏ విమానం, ఎక్కడ కూలింది అన్నదీ రాయను. ఆ కేసుల్లో కొన్ని ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

ఆఫీసు చూలైలో ఆవిడ ఇంట్లోనే. కింద లేత్ మిషన్ల వర్క్‌షాపు, పైన మేము. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇనుము గీసిన చప్పుడు. చేరిన కొత్తలో నేను ఊరుకోలేక, "ఈ గోలలో మనిషి మాట వినపడి చావదు మేడం, వేరే చోటు చూద్దాం" అన్నాను. "ఉండనీమా గుంటూరూ" అన్నారు. మాది గుంటూరు కాబట్టి ఆవిడ నోట్లో నా పేరు అదే అయిపోయింది. "ఈడికి వచ్చేవాళ్ళు మాట్లాడను వస్తారు, ఏడవను కూడా వస్తారు. ఈ సద్దులో ఏడిస్తే పక్కింటికి వినపడదు."

ఆవిడ వాళ్ళ పెద్దలు ఎప్పుడో తెల్లదొరల నాడు తెలుగునేల నుంచి ఈ అరవ ఊరికి వచ్చినవాళ్ళు. ఇంట్లో ఈడ, ఆడ అంటూ, మాట చివర అమ్మా బదులు మా తగిలించే తెలుగు. కోపం వస్తే అరవం, వాదించాలంటే ఇంగ్లీషు, నన్ను ఏడిపించాలంటే మళ్ళీ తెలుగు. ఈ పనిలోకి ఎలా వచ్చారని ఒకసారి అడిగితే పగలబడి నవ్వారు. మొదట్లో ఆవిడ చూసేవి బస్సు, లారీ ప్రమాదాల కేసులట. ఒకరోజు ఒకామె వచ్చి, "మీరు లారీ కేసులు చూస్తారంట. మా తమ్ముడు విమానంలో పోయినాడు. అదీ బండే కదమ్మా?" అని అడిగిందట.

"దానికి నా కాడ జవాబు లేదుమా" అన్నారు మేడం. "బండే కదా మరి! చక్రాలుండాయి, నడిపేవాడుండాడు, టికెట్టుండాది. సెరి, చూస్తాం అన్నాను. తెల్లారి లేస్తే భయమేసింది. ఆ చట్టం యాడుందో కూడా తెలీదు నాకు."

ఆ భయంతోనే చదివారు, చదివిన కొద్దీ ఆరా పెరిగింది. పైలట్లని, మెకానిక్‌లని, విమానం కడిగేవాళ్ళని, ఎవరినీ వదిలేవారు కాదు. పెళ్ళికి వెళ్తే విమానాశ్రయంలో పనిచేసే చుట్టం ఎవరున్నారో వెతికి పట్టుకుని, పంతిలో అతని పక్కన ఆకు వేయించుకునేవారు. "దిగేటప్పుడు రెక్క మీద రేకు పైకి లేస్తాది కదా, ఎందుకు నాయనా?" అని మొదలుపెడితే పాయసం వచ్చేదాకా ఆపేవారు కాదు. పాపం, ఆ చుట్టం మళ్ళీ పెళ్ళిలో ఆవిడని చూస్తే వేరే పంతి చూసుకునేవాడు. ఆఫీసులో వాదన ఎంత వేడిగా ఉన్నా, పైన విమానం మోత వినపడితే ఆవిడ కిటికీ దగ్గరికి పోవాల్సిందే.

"ఇన్ని చావులు చూశారు, మీకు అదంటే కోపం రాదా?" అని అడిగాను.

"ఇనుము మీద ఏంది కోపం? అంత బరువు ఎట్టా లేస్తాదో అని ఇప్పటికీ ఆశ్చర్యమే నాకు. తెలిసి కూడా చెప్పనోళ్ళ మీదే నా కోపం."

ఆవిడ పని పద్ధతి మొదటిసారి చూసిన రోజు నాకు ఇంకా గుర్తుంది. కోడంబాక్కం నుంచి ఒక టైలరు వచ్చాడు. సినిమా స్టూడియోల్లో దుస్తులు కుట్టిన పెద్దమనిషి. విమానంలో భార్య పోయి నెల కూడా తిరగలేదు. కాయితాలన్నీ బల్ల మీద పెట్టాడు. మేడం వాటిని ముట్టుకోలేదు.

"మీ ఇంటామె ఎట్టా నడిచేదన్నా? లేచి ఒకసారి నడిచి చూపించండి" అన్నారు.

ఆయన నా వైపు చూశాడు, ఈవిడకి మతి ఉందా అన్నట్టు. నేను తల దించుకున్నాను. కాసేపటికి కుర్చీ జరిగిన చప్పుడైంది. తలెత్తి చూస్తే, ఎడం చేత్తో లేని కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, కుడిచెయ్యి గాల్లో దేనికోసమో తడుముతూ, చిన్న చిన్న అడుగులతో నడుస్తున్నాడు.

"ఆమెకి వేగమంటే భయమమ్మా" అన్నాడు. "రైలు కదిలిందంటే పక్కనోళ్ళ చెయ్యి పట్టుకోవాల్సిందే. ఎవరైతే ఏం? ఒకసారి కోడంబాక్కంలో ఎక్కి, టికెట్ చెకింగాయన చెయ్యి పట్టేసుకుంది. పాపం, ఆయన దిగాల్సిన స్టేషన్లో దిగలేకపోయినాడు!" ఆయన నవ్వాడు. మేం కూడా నవ్వేశాం. ఆ నవ్వులోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. కింద లేత్ తిరుగుతూనే ఉంది. మేడం ఓపిగ్గా కూర్చుని, ఆయన కళ్ళు తుడుచుకున్నాక అడిగారు.

"గట్టిగా పట్టుకునేదా, ఊరికే పట్టుకునేదా?"

"గట్టిగానమ్మా. గాజులు గుచ్చుకునేవి."

ఆయన మెట్లు దిగాడో లేదో నేను పోట్లాటకి దిగాను. నాకు నోరెక్కువ, అందరికీ తెలిసిందే. "అదేం ప్రశ్న మేడం? దీన్ని ఏ సెక్షన్ కింద రాయమంటారు?"

"పోయిన రోజు గురించి కంపెనీవాళ్ళకి మనకంటే బాగా తెలుసు, వాళ్ళు దాన్నే మాట్లాడతారు" అన్నారు ఆవిడ, నిమ్మకు నీరెత్తినట్టు మురుకు కొరుకుతూ. "బతికిన రోజుల గురించి మనం మాట్లాడాల. ఆమె నడకే తెలీకుండా ఆమె తరఫున నేనెట్టా లేచి నిలబడేది?"

అదే విమానంలో బిడ్డను పోగొట్టుకున్న ఇంకో తల్లి కొన్నాళ్ళకి వచ్చింది. రాయపురంలో ఉంటుంది, హార్బర్‌లో చేపలు కొని అమ్ముతుంది. కూతురు నర్సు చదివి, పైదేశంలో ఉద్యోగం దొరికి, మొదటిసారి విమానం ఎక్కింది. నడిచి చూపించమంటే ఆ తల్లి సందేహించలేదు. చెంగు బిగించి, మా ఇరుకు గదిలో గంతులేసినట్టు నడిచింది. "ఇట్టా పోయేదిమా. మెల్లిగా పోవే, నేల యాడికీ పోదు అనేదాన్ని" అంది. అన్నాక తన మాట తనకే వినపడినట్టుంది, గోడ పట్టుకుని నిలబడిపోయింది.

కంపెనీ పరిహారం ఇస్తామంది, రాజీ పత్రం పంపింది. అందులో ఒక వాక్యం ఉంది, ఈ ప్రమాదం గురించి ఇకమీదట ఏ ప్రశ్నా అడగబోమని. చాలామంది సంతకం పెట్టారు. టైలరూ పెట్టాడు. "తప్పేం లేదన్నా, పెట్టండి" అని మేడమే చెప్పారు. రాయపురం ఆమె మాత్రం పెన్ను పక్కన పెట్టేసింది.

"దుడ్డు ఇయ్యనీ, మాననీ. అడగొద్దంటే ఎట్టమ్మా?" అంది. "ఎయిర్‌పోర్టు గేటు కాడ నా బిడ్డ, భయంగా ఉండాదిమా, నువ్వు పక్కన కూచుంటే బాగుండు అనింది. నేను కూచోలేదు కదా. మరి ఎవరు కూచున్నారు? అదొక్కటి చెప్పమను, సంతకం పెడతా."

వేరే ప్రయాణికుల వివరాలు చెప్పకూడదని కంపెనీ లాయరు అన్నాడు. మేడం ఆ తల్లిని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పారు. ఏళ్ళు పట్టొచ్చు, ఇస్తామన్నది కూడా ఇవ్వకపోవచ్చు, చివరికి జవాబూ రాకపోవచ్చు అని. "సెరి" అందామె. ఆమె పెద్దకొడుకు మాత్రం మండిపడుతూ వచ్చాడు. "మా అమ్మ మొండికేస్తా ఉంటే బుద్ధి చెప్పాల్సింది పోయి మీరూ వంత పాడతారా?" అని అరిచాడు.

"సంతకం మీ అమ్మది నాయనా" అన్నారు మేడం. "ఆమె చెయ్యి పట్టుకుని నువ్వు పెట్టిస్తావా? నన్ను పెట్టించమంటావా?" అతను తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయాడు. మేడం కేసు కట్ట మళ్ళీ ముందుకి లాక్కున్నారు. మీకు భయం లేదా అని అడిగాను. "భయమే. ఓడితే పోయేది ఆమెది, నాదేం పోతాది? అందుకే భయం" అన్నారు.

వాయిదా మీద వాయిదా. ప్రతి వాయిదాకీ ఆ తల్లి హార్బర్‌లో బేరం ముగించుకుని వచ్చి చివరి బెంచీలో కూర్చునేది. కోర్టు వరండాలో మేడం నడక నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది. మోకాలి నొప్పి వల్ల ఎడం కాలి చెప్పు నేల మీద రాసుకునేది. గౌను ఒక భుజం మీద నుంచి జారిపోతూ ఉండేది, కేసు కట్ట మాత్రం రెండు చేతులతో గుండెలకి హత్తుకునేవారు. ముందు వేగంగా పోయి, కోర్టు హాలు గుమ్మం దగ్గర ఠక్కున ఆగి వెనక్కి తిరిగేవారు, క్లయింటు వస్తోందా లేదా అని. ఆమె కనపడితేనే లోపలికి అడుగు పెట్టేవారు.

చివరికి ఒకరోజు జడ్జిగారు విసుగ్గా కంపెనీ లాయరుని అడిగారు. "ఒక తల్లి తన బిడ్డ పక్కన ఎవరున్నారని అడుగుతోంది. చెబితే మీకు పోయేదేమిటి?" ఆ లాయరు వాళ్ళవాళ్ళని కనుక్కుంటానన్నాడు. తర్వాతి వాయిదాలో లేచి, కిటికీ పక్క సీట్లో ఆ అమ్మాయి, ఆనుకుని ఉన్న సీట్లో ఫలానా ఆమె అని పేరు చదివాడు. ఆ పేరు మాకు తెలుసు. కోడంబాక్కం టైలరు భార్యది.

జడ్జి ముందు నిలబడి ఉన్న మేడం, అనుమతి అడగడం కూడా మర్చిపోయి కూర్చుండిపోయారు. నా వైపు తిరిగి ఒక్కటే మాట అన్నారు.

"గాజులు."

టైలరుని ముందు అడిగి, ఆయన ఒప్పుకున్నాకే ఆ తల్లిని చూలైకి పిలిపించారు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. "మీ ఇంటామె ఎట్టుండేదన్నా?" అని ఆమె అడిగింది. ఆయన రైలు సంగతి చెప్పాడు, చెకింగాయన సంగతి కూడా. ఆ తర్వాత లేచి, "ఒకసారి చెయ్యి ఇస్తావా తల్లీ" అని అడిగి, ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని చూపించాడు. "ఇట్టా" అన్నాడు. ఆమె ఆ చేతి వంకే చూస్తూ ఉండిపోయింది.

మేడం కలగజేసుకున్నారు. "ఒకమాట చెప్పాల. ఇది సాక్ష్యం కాదు. ఆడ ఏం జరిగిందో చూసి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఇట్టానే జరిగిందని నేను చెప్పలేనమ్మా."

"మీరు చెప్పొద్దులే లాయరమ్మా" అంది ఆ తల్లి. "రైల్లో చెకింగాయన్నే వదల్లేదంట. నా బిడ్డను వదులుతాదా?"

ప్రశ్నలు అడగబోమన్న వాక్యం కొట్టేయించాకే ఆమె చేత సంతకం పెట్టించారు మేడం. అందరూ వెళ్ళాక, మీరు నమ్ముతారా అని అడిగాను. మేడం కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డారు. "తెలీదుమా. తెలుసుకోవాలని మాత్రం ఉండాది" అన్నారు.

ఇప్పుడు ఆవిడకి తెలిసి ఉంటుందా? నాకూ తెలీదు.

ఆవిడ పోయిన రోజు కింద వర్క్‌షాపువాళ్ళు మిషన్లు ఆపేశారు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఎవరు ఏడ్చినా వీధి చివరిదాకా వినపడింది. గది నిండా జనం, సగం మంది ఎప్పటెప్పటి క్లయింట్లో. మధ్యాహ్నం రాయపురం ఆమె వచ్చింది. దండ వేసి, ఆవిడ పాదాలు తాకి, మూల కూర్చున్న నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"గుంటూరమ్మా, లే" అంది. "లాయరమ్మ ఎట్టా నడిచేదో నడిచి చూపించు."

ఇంతమందిలోనా అన్నాను. "నా చేత నడిపించలేదా?" అంది. బల్ల మీద ఉన్న కేసు కట్ట ఒకటి తీసుకున్నాను. రెండు చేతులతో గుండెలకి హత్తుకున్నాను. చున్నీ ఒక భుజం మీద నుంచి జార్చాను. ఎడం కాలు నేలకి రాస్తూ, వేగంగా, జనం మధ్య నుంచి నడిచాను. "అదే, అదే! అట్టనే!" అని గుమాస్తా ఫక్కున నవ్వి, ఆ వెంటనే భోరుమన్నాడు. నేను ఆగలేదు. గుమ్మం దగ్గరికి వచ్చాక ఆవిడ లాగే ఠక్కున ఆగి, వెనక్కి తిరిగి చూశాను.

ఆ తల్లి నా వెనకాలే నడిచి వస్తోంది.

"వస్తా ఉండానులే, పదమ్మా" అంది.