తోటలో కొలిచిన పదహారు వందల మీటర్లు

కానిస్టేబుల్ ఉద్యోగానికి వయసు దాటిపోయేలోపు నాకు మిగిలింది ఒక్క పరుగు. పదహారు వందల మీటర్లు, ఎనిమిది నిమిషాలు. ప్రిలిమ్స్ ఎలాగో గట్టెక్కాను.

రోజూ నూజివీడు గ్రౌండుకి వెళ్లడానికి బద్ధకించి, ముసునూరు దగ్గర మా మామిడితోటలోనే పరుగు మొదలుపెట్టాను. దూరం కొలిచానా అంటే కొలిచాను. టేపు పట్టి కాదు, నాన్నని అడిగి.

"చెట్టుకీ చెట్టుకీ నలభై అడుగులురా. తాడు పట్టి నాటాం" అన్నాడు.

వరస వెంట పైకీ కిందికీ నూట ముప్పై ఒక్క చెట్లు దాటితే పదహారు వందల మీటర్లని లెక్కగట్టాను. ఏడు నిమిషాల్లో దాటేవాణ్ణి. చేతిలో నిమిషం మిగిలేసరికి నాకు ఎక్కడలేని పొగరు వచ్చింది. ఫోన్‌లోని యాప్ మాత్రం రోజూ పదమూడు వందలే చూపించేది. కిలోమీటరు నాలుగు నిమిషాల చిల్లరలో కొడుతున్నానని నేననుకుంటే, కాదు, ఐదు దాటుతోందనేది. కొమ్మల కింద సిగ్నల్ అందదులే అని కొట్టిపారేశాను. నాన్న మాట కాదని ఫోన్ మాట వినే ఇల్లు కాదు మాది.

పరీక్షనాడు నాలుగు రౌండ్లు. ఒక్కోదానికీ నిమిషం యాభై చాలనుకుని, అలవాటైన వేగంతో దర్జాగా మొదటిది ముగించి వాచీ చూశాను. రెండు నిమిషాల పది! కంగారుపడి రెండో రౌండు పిచ్చిపట్టినట్టు పరిగెత్తాను. మూడో రౌండుకి ఊపిరి అందలేదు. నాలుగోది కాళ్లీడ్చుకుంటూ పూర్తిచేశాను. ఎనిమిది నిమిషాల ఇరవై రెండు సెకన్లు.

ఇంటికొచ్చి టేపు పట్టాను. ముప్పై మూడు అడుగులు. పక్క చెట్టుకీ అంతే.

"ఆ, ఎక్కువ చెట్లు పడతాయని కాస్త దగ్గరగా నాటాంలే" అన్నాడు నాన్న. "ఎడం ఉంటే కాయ లావుగా వస్తుందని ధర పెడతారు, అందుకే తోట బేరానికి వచ్చినోళ్లకి నలభై అనే చెప్తాం. ఊళ్లో అందరూ చెప్పేదేగా."

"నాకు నిజం చెప్పొచ్చుగా నాన్నా?"

"నువ్వు పరిగెత్తడానికీ దానికీ సంబంధం ఏంట్రా?"

వెటకారం కాదు, నిజంగా తెలియకే అడిగాడు. ఆరు నెలలు ఆయన కళ్లముందే పరిగెత్తాను. ఆ కొలత నాకెందుకో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. గట్టిగా అరవబోయి, ఆగి టేపు చుట్టేశాను.

ఆ నెలాఖరుకి నా వయసు దాటిపోయింది. ఆయన్ని నేనింకా క్షమించలేదు. ఆ మాట ఆయనతో అంటే, దేనికిరా అంటాడు.