ఆంటీ ఆపిన కానుక

ఢిల్లీ సరోజినీ నగర్‌లో మా పక్క క్వార్టర్ ఆంటీ మొన్న ప్రభువునందు నిద్రించారు. కబురు తెలియగానే నేను మొదట ఫోన్ చేసింది మా అక్కకి. ఇద్దరం మాట్లాడింది తక్కువ, ఏడ్చింది ఎక్కువ. అసలు అక్కకి ఫోన్ చేసే యోగం నాకు మిగిలిందే ఆంటీ వల్ల.

ఆంటీది తెనాలి వైపు. పూటపూటకీ కుక్కర్ పెట్టే ముందు పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేసేవారు. ఆదివారం అవి గుడ్డసంచిలో చర్చికి వచ్చేవి. ఆరాధన అయ్యాక జియా సరాయ్‌లో ఉండి చదువుకునే పిల్లలకు ఆ బియ్యంతోనే భోజనం. "తిన్నాక మిగిలింది ఇస్తే కానుక ఎలా అవుతుందే? ముందే తియ్యాలి" అనేవారు. నాకూ ఆ అలవాటు చేశారు. సోనా మసూరి కాకుండా వేరేది అంటగట్టే షాపువాడితో "భయ్యా, యే నహీ చలేగా!" అని, ఇది పనికిరాదని పోట్లాడేవారు కూడా. దేవుడి బియ్యం కదా మరి.

మా పాప ఆస్పత్రిలో ఉన్నప్పుడు అక్క చూడ్డానికి రాలేదు. తనుండే కంటోన్మెంట్ నుంచి ఎంత దూరమని! అప్పట్నుంచి మాటల్లేవు. ఒకే చర్చిలో ఈ చివర నేను, ఆ చివర తను. ఇంత ఢిల్లీలో నాకు పుట్టింటి మనిషి తనొక్కతే. అయినా నా పంతం నాది.

ఒక ఆదివారం కానుకల పాట మొదలైంది. మా దగ్గర అందరూ వరసగా ముందుకెళ్లి ఇస్తారు. ఆడవాళ్ల వరసకు ఆంటీయే ముందు. వెనకే సంచితో నిలబడ్డ నావైపు తిరిగారు.

"అక్కతో మాట్లాడావా?"

"ఇప్పుడా ఆంటీ? అందరూ చూస్తున్నారు."

"చూడనీ. తోడబుట్టినదాని మీద అంత కోపం పెట్టుకుని ఇస్తే దేవుడికెందుకే నీ బియ్యం? ఇలా ఇవ్వు, నేను పట్టుకుంటా. వెళ్లి మాట్లాడి రా."

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాత్రం కదల్లేదు. పాట అయిపోయింది. పాస్టరుగారు చూస్తున్నారు. ఆంటీ పాడేవాళ్ల వైపు తిరిగి, "మళ్లీ మొదట్నుంచి అందుకోండమ్మా" అన్నారు.

సంచి ఆవిడ చేతిలో పెట్టి, అక్క బెంచీ దగ్గరికెళ్లి నిలబడ్డాను. అక్క తలెత్తకుండానే పక్కకు జరిగి చోటిచ్చింది.

"పాపకెలా ఉందే?"

"బావుందక్కా" అంటూనే ఏడుపొచ్చేసింది. ఎందుకు రాలేదని నేనడగలేదు, తనూ చెప్పలేదు. నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

కళ్లు తుడుచుకుని చూస్తే వరస వరసంతా అలాగే ఆగి ఉంది. ఆంటీ ఒక చేత్తో తన సంచీ, ఇంకో చేత్తో నా సంచీ పట్టుకుని, దారికి అడ్డంగా నిలబడి, శ్రుతి తప్పినా గొంతెత్తి పాడుతున్నారు, మేమిద్దరం లేచి వచ్చేదాకా ఎవ్వరినీ ముందుకు పోనివ్వకుండా.