మెరుపు దొరది, తుప్పు సిద్దిరాములుది

శ్రీరాంపూర్ రోడ్డు మీద గార్డుల సిద్దిరాములంటే తెలియని డ్రైవరు ఆ రోజుల్లో ఆదిలాబాద్ అడవుల్లో లేడు. ఉంటే వాడు డ్రైవరే కాడు. చొప్పదండి దగ్గరి పల్లెలో నాలుగో తరగతి దాకా చదివి, తండ్రి కొలిమిలో తిత్తి ఊది, అరవై తొమ్మిదిలో ఒక సుత్తె, ఒక పట్టుకారు, పెళ్లాం కొమురవ్వను వెంటబెట్టుకొని బొగ్గుబావుల దిక్కు వచ్చినవాడు. వచ్చిన రెండేళ్లకు సొంత షెడ్డు వేశాడు. ఆరేళ్లకు వెల్డింగు మిషన్ తెచ్చాడు. ఆ రోడ్డుకు అదే మొదటి వెల్డింగు మిషన్. ఈ సంగతి ఆయన నోటితో చెబితే గొప్పలు అనుకుంటారేమో గాని, ఎదుటి షెడ్డువాళ్లు కూడా కాదనలేరు.

వెదురు, టేకు మోసే లారీలు అడవిలో నడిచేవి బాటలు కావు; బండలు, వాగులు. అందుకని లారీ ముక్కుకు అడ్డంగా లావు గొట్టాల గార్డు, ఇంజను కడుపుకు రాయి తగలకుండా మందపాటి ఇనుప పలక ఉండాలి. వాటిని కట్టడంలో సిద్దిరాములుకు సాటి లేడు. డెబ్బై ఆరులో తిర్యాణి దిగుడులో బ్రేకులు పోయిన లారీ ఒకటి టేకు మోడును గుద్దితే, మోడు వేళ్లతో లేచింది గాని గార్డు వంగలేదు. ఆ డ్రైవరు ఇంటికి పోకముందే షెడ్డుకు వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. ఎనభై మూడులో ఇంకో లారీ పెద్దవాగులో నాలుగు రోజులు మునిగింది. గొలుసులేసి గుంజితే సీట్లు కుళ్లిపోయాయి, డైనమో పాడైంది. గార్డు మీది రంగు మాత్రం గోటితో గీకినా రాలేదు.

ఆ రంగు పని సత్తార్‌ది. మంచిర్యాల పెయింటరు సత్తార్ ఇరవై ఏళ్లుగా సిద్దిరాములుకు జోడీ. ఇనుమును గ్యాసునూనెతో, అంటే కిరసనాయిలుతో తుడిచి, గీకి, మళ్లీ తుడిచి, ఎర్ర రంగు రెండు పూతలు, నల్ల రంగు రెండు పూతలు వేసేవాడు. ఆఖరున సన్న కుంచెతో మూలకు ‘సిద్దిరాములు, శ్రీరాంపూర్’ అని రాసేవాడు. ఆ రాత చూసి రేంజర్లు కూడా లారీకి దారి ఇచ్చేవారని డ్రైవర్లు చెప్పుకునేవారు. అందులో అబద్ధం కొంత ఉండొచ్చు. గర్వపడటానికి ఆ మిగిలిన నిజం చాలు.

తొంభై మూడు ఎండాకాలంలో లారీల ఓనరు మొండయ్య కొత్తగా నాలుగు లారీలు కొని, నాలుగింటికీ గార్డులు, పలకలు కట్టమన్నాడు. సిద్దిరాములు నెల రోజులు కట్టాడు. రంగు దగ్గరికి వచ్చేసరికి మొండయ్య తల గోక్కున్నాడు.

"అన్నా, ఏమనుకోకు. రంగు కరీంనగర్‌ల ఏపిస్త. జగన్మోహన్‌రావు దొర కొత్త మిషన్ పెట్టిండు. రంగు పొడిని కరెంటుతోని అతికిచ్చి బట్టీల కాలుస్తరట. అద్దం లెక్క మెరుస్తదట."

జగన్మోహన్‌రావు అంటే సిద్దిరాములు సొంతూరి దొర కొడుకు. ఊళ్లో భూములు అమ్మి, ఆ డబ్బుతో కరీంనగర్‌లో పౌడర్ కోటింగు షాపు తెరిచాడు. సిద్దిరాములు తాను కట్టిన ఇనుము ఎవరి చేతిలోకి పోతున్నదో చూద్దామని సత్తార్‌ను తీసుకొని షాపు పూజ నాడు కరీంనగర్ పోయాడు.

అక్కడ ఒక తప్పు జరిగింది. అది మనవాళ్లు మాత్రమే చేయగల తప్పు.

కొత్త ఇనుము అడవికి పోకముందు కొండగట్టు అంజన్నను చూసి రావాలని లారీలవాళ్ల పట్టింపు. రంగు పడకముందే, పచ్చి ఇనుముగానే చూపించాలి. పూజారి సిందూరాన్ని నూనెలో కలిపి, బొటనవేలితో గార్డు నొసట ఒకటి, నాలుగు మూలలా నాలుగు బొట్లు పెడతాడు. పలక మీద అరచేయంత పూస్తాడు. సిద్దిరాములు షెడ్డులో అయితే సత్తార్ ఆ సిందూరాన్ని కొత్త తెల్లగుడ్డతో భక్తిగా అద్ది తీసి, గుడ్డను డ్రైవరు చేతికి ఇచ్చి, ఆ తర్వాతే గ్యాసునూనె ముట్టేవాడు. నూనె మీద ఏ రంగూ నిలవదు. ఈ ముక్క తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

మొండయ్య నాలుగు గార్డులనూ, పలకలనూ కొండగట్టు మీదుగానే తెచ్చాడు. షాపు పనివాళ్లు వాటిని కడగబోయి, బొట్లు చూసి చేతులు వెనక్కి తీసుకున్నారు. జగన్మోహన్‌రావు ముందుకొచ్చి నవ్వాడు.

"మొండయ్యా, దేవుని బొట్టును గుడ్డపేలికతోని తుడిపిచ్చుడు మంచిదేనా? మా దగ్గర తుడుపుడు లేదు. చుట్టూత తుడుస్తం, బొట్టు మీదికెళ్లి పొడి కొడ్తం. స్వామి లోపట భద్రంగ ఉంటడు, పైన నలుపు మెరుస్తది. గీ అదృష్టం ఇంకెవ్వని బండికి లేదు."

మొండయ్య కళ్లు చెమర్చాయి. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. సిద్దిరాములు నోరు తెరవబోయాడు.

"దొరా, ఒక్క మాట..."

"నువ్వు మా ఊరి కమ్మరోని కొడుకువు కదరా?" అన్నాడు జగన్మోహన్‌రావు, ఇరవై ఏళ్లు పెద్దవాణ్ని పట్టుకొని. "మీ అయ్య మా గడీల నాగళ్లు సాపు చేసెటోడు. సూడు సిద్దిరాములు, ఇనుము దాక నీ పని. రంగు సంగతి నీకేం ఎరుక? రంగు అంటే కుంచెతోని గోడకు సున్నం ఏసినట్టు కాదు. నీ పేరు రాసుడు ఇగ ఉండది. నా షాపు బిళ్ల అతికిస్త."

నలుగురూ నవ్వారు. మొండయ్య కూడా నవ్వాడు. సిద్దిరాములు తెరిచిన నోరు మూసుకున్నాడు.

బయటికి రాగానే సత్తార్ ఆయన భుజం పట్టుకున్నాడు. "భాయ్, నూనె మీద పొడి కొడుతుండ్రు. బట్టీల బొబ్బ లేస్తది. ఒక్క వానకు తోలు ఊడుతది. పోయి చెప్పు."

"చెప్ప."

"అరే, లారీలు అడవికి పోతయి. డ్రైవర్లు..."

"ఆరు నెలల తుప్పుకు నా పలక ఏం కాదు. గట్టి ఇనుము పెట్టిన. ఊడేది దొర తోలే. నువ్వు ఫికర్ చేయకు."

"ఖుదా చూస్తుండు భాయ్."

"సూడనియ్యి. రంగు సంగతి నాకేం ఎరుకన్నడు. నేనెందుకు నోరు ఇప్పాలె?"

ఆ సంవత్సరం వానలు బాగా పట్టాయి. రైతులు ఎంత సంబరపడ్డారో తెలియదు గాని, సిద్దిరాములు అంతకు మించి పడ్డాడు. ఆదిలాబాద్ దిక్కు మబ్బు కమ్మితే పని ఆపి బయటికొచ్చి నిలబడేవాడు. "కొట్టు, ఇంకా కొట్టు" అనేవాడు. కొమురవ్వ లోపలి నుంచి వినేది. "వానను తిడుతుండా, మొక్కుతుండా గీ మనిషి?" అని పక్కింటామెను అడిగేది.

దసరా అయిన వారానికి మొండయ్య లారీలు అడవి దిగి వచ్చాయి. గార్డుల నలుపు చాలాచోట్ల రొట్టె మీది పొరలా లేచి వేలాడుతున్నది. లోపల ఎర్రగా తుప్పు. ఒక గార్డు మీద షాపు బిళ్ల మాత్రం చెక్కుచెదరలేదు.

సిద్దిరాములు ఎదురుచూసిన దినం వచ్చిందనుకున్నాడు. కాని దొర బుద్ధి ఆయన అనుకున్నదానికంటే లోతు. మొండయ్య పోయి నిలదీస్తే జగన్మోహన్‌రావు తడుముకోకుండా జవాబు చెప్పాడట: "నా పొడిల తప్పు లేదు. ఇనుమే పాడు ఇనుము. తుక్కు తెచ్చి అతికిచ్చిండు సిద్దిరాములు. లోపటికెళ్లి తుప్పు తన్నుకొచ్చింది." వారం తిరగకముందే ఆ మాట మంచిర్యాల నుంచి ఆసిఫాబాద్ దాకా పాకింది. మెరిసినప్పుడు దొర పనితనం, తుప్పు పట్టినప్పుడు సిద్దిరాములు మోసం! కట్టమన్న రెండు గార్డులను ఓనర్లు వద్దని కబురు పంపారు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి షెడ్డు ముందర లారీ ఆగలేదు. హోటల్లో చాయ తాగుతున్న డ్రైవరు ఒకడు ఆయన్ను చూసి కూడా చూడనట్టు గ్లాసు వైపు తిరిగాడు. సిద్దిరాములు లోపలికి అడుగు పెట్టకుండా వెనక్కి మళ్లాడు.

ఆయన మొండయ్య ఇంటికి పోయాడు. గుమ్మం దాటలేదు.

"తమ్మీ, నేను తుక్కు పెట్టిన్నని నువ్వు నమ్మినవా?"

మొండయ్య నేల చూశాడు. "నాకేం సమజైతలేదు అన్నా. పరేషాన్ల ఉన్న."

"అయితే నాలుగు గార్డులు, పలకలు ఇప్పి ఓనర్ల సంఘం షెడ్డుకు తే. ఓనర్లందరిని పిలువు. దొరను కూడ పిలువు. నా ఇనుము తుక్కని తేలితే సుత్తె గోదాట్లేసి ఊరికి పోత. నా నోటి మాట గిది."

జగన్మోహన్‌రావు వచ్చాడు. రాక తప్పలేదు. ఇరవై లారీల రంగు పని ఆ షెడ్డులో కూర్చున్న ఓనర్ల చేతిలో ఉన్నది. తెల్ల చొక్కా వేసుకొని, కుర్చీలో కాలు మీద కాలు వేసుకొని కూర్చున్నాడు.

సిద్దిరాములు ముందు సుత్తెతో పలక అంచున కొట్టాడు. గుడిగంటలా మోగింది. "తుక్కు ఇనుము గిట్ల మోగుతదా?" అన్నాడు. తర్వాత చాకు తీసి, అంచుల దగ్గర నల్లటి పొరను గీకాడు. రాలేదు. బలంగా గీకితే లోపల ఇనుము వెండిలా తళతళలాడింది. ఓనర్లు లేచి దగ్గరికి వచ్చారు.

"సూడుండ్రి. దొర పొడి మంచిదే. నేను అబద్ధం చెప్ప. తుడిచినకాడ కాటు ఏసినట్టు పట్టుకున్నది. మరి ఊడినయి ఏడేడ?" వేలితో చూపించాడు. "నొసట. నాలుగు మూలల. పలక కడుపుల. గీ గార్డుకు గట్లనే, గా గార్డుకు గట్లనే. నాలుగింటికి ఒక్కటే తీరు. ఆడికెళ్లి నీళ్లు జొచ్చి చుట్టూత పాకింది. తుప్పుకు కండ్లున్నయా, ఎంచుకోని గాడ్నే పుట్టెతందుకు?"

నాలుగో గార్డు మూలన బొబ్బ ఒకటి ఇంకా పగలకుండా ఉన్నది. సిద్దిరాములు దాన్ని చాకుతో కోసి, పొరను మెల్లగా ఒలిచాడు. లోపల సిందూరం, ఇంకా జిడ్డుగా. మీద పూజారి బొటనవేలి గీతలు కూడా చెరిగిపోలేదు.

మొండయ్య గబగబా చెంపలేసుకున్నాడు.

"దేవుని తప్పు లేదు తమ్మీ," అన్నాడు సిద్దిరాములు. "దేవుడు నూనె మీద పొడి కొట్టుమనలే."

అప్పుడు మొండయ్య తల ఎత్తి అడిగాడు. "అన్నా, నువ్వు గాడ్నే ఉంటివి కదా. నీకు ఎరుకేనాయె. ఎందుకు చెప్పలే?"

"రంగు సంగతి నీకేం ఎరుకని దొర అన్నడు. నువ్వు నవ్వినవు. ఇగ నేనేం చెప్పాలె?"

పక్కన నిలబడ్డ సత్తార్ తల వంచుకున్నాడు. అది సిద్దిరాములు చూశాడు, చూసి కూడా లెక్క చేయలేదు.

"జరిగిందేదో జరిగింది," అన్నాడు ఓనర్లలో పెద్దమనిషి ఒకాయన. "సిద్దిరాములు, గీ నాలుగు నువ్వే సాపు చేసి రంగెయ్యి. ముందటి లెక్కనే మా గార్డులన్ని నీయే."

"చేస్త. అయితే ఒక్కటి. పాడువడ్డ తోలు నేను గీక. సత్తార్ గీకడు. తొడిగినోడే ఊడవీకాలె. జీతగాండ్లతోని కాదు, దొర చేతులతోని. కరీంనగర్‌ల కాదు, నా షెడ్డు ముంగట, రోడ్డు మీద."

జగన్మోహన్‌రావు కుర్చీలోంచి లేచాడు. "ఎవనితోని మాట్లాడుతున్నవో సోయి ఉన్నదారా?"

"ఉన్నది దొరా. నా ఇనుమును తుక్కన్నోనితోని."

జగన్మోహన్‌రావు చుట్టూ చూశాడు. ఒక్క ఓనరు కూడా ఆయన పక్షం మాట్లాడలేదు. మొండయ్య మెల్లగా అన్నాడు: "గీకుండ్రి దొరా. గీకకపోతే మా ఇరవై లారీలు మీ షాపు మొకం చూడయి."

మరునాడు పొద్దున్నే జగన్మోహన్‌రావు కారు దిగాడు. మధ్యాహ్నానికల్లా అయిపోతుందనుకున్నాడేమో, తెల్ల చొక్కాతోనే వచ్చాడు. నాలుగు దినాలు పట్టింది. తుప్పు పట్టినచోట పొర గోటికే వచ్చింది గాని, రంగు గట్టిగా పట్టిన చోట రాయిలా ఉన్నది. తన పనితనమే తన చేతులను కొరికింది. రెండో దినం అరచేతులు బొబ్బలెక్కాయి. మూడో దినం పాత చొక్కా తొడుక్కొని వచ్చాడు. లారీలు ఆపి డ్రైవర్లు చూసిపోయారు. "దొరా, గీ పక్కకు జర మిగిలింది" అని హోటల్లోంచి ఒకడు కేకేస్తే చాయ గ్లాసులన్నీ నవ్వాయి.

కొమురవ్వకు జాలేసింది. చెంబుతో మజ్జిగ తెచ్చి మొగుడి చెవిలో చెప్పింది. "ఇగ ఇడిసిపెట్టరాదు. ఆ పిల్లగాని మొకం సూడు, వాడిపోయింది."

"మా బాపును గడీ ముంగట పొద్దంత ఎండల నిలవెట్టిన్రు. నాగలి కర్రు జర వంకర పోయిందని. గప్పుడు ఎవలన్న మజ్జిగ ఇచ్చిన్రా?"

"గది ఆయన చేసిండా? ఆళ్ల అయ్య చేసిండు."

"నన్ను కమ్మరోని కొడుకని పిలిచినప్పుడు ఆయనకు అయ్య యాదికున్నడు. ఇప్పుడు నాకు నా అయ్య యాదికున్నడు. మజ్జిగ పెట్టు గాని మాట పెట్టకు."

సత్తార్ ఆ నాలుగు దినాలూ పనికి రాలేదు. జ్వరమని కబురు పంపాడు. సిద్దిరాములు ఆ జ్వరం ఏమిటని అడగలేదు.

నాలుగో దినం సాయంత్రం జగన్మోహన్‌రావు చాకు కింద పెట్టి లేచాడు. వేళ్లకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. మొదటిసారి ‘రా’ అనే మాట ఆయన నోట రాలేదు.

"అయిపోయింది, సిద్దిరాములన్నా. సూసుకో."

సిద్దిరాములు మొదటి గార్డు చూశాడు. రెండోది చూశాడు. అంగుళం అంగుళం వేలు నడిపించాడు. నాలుగో గార్డు దగ్గర మోకాళ్ల మీద కూర్చొని, గొట్టం గొట్టం కలిసే సందులో తల పెట్టి చూశాడు. అక్కడ మినపగింజంత నలుపు ఉన్నది. దాన్ని విడిచిపెట్టినా ఏ రంగుకూ నష్టం లేదని ఆయనకంటే బాగా తెలిసినవాడు ఆ రోడ్డు మీద లేడు.

"ఈడ ఉన్నది దొరా," అన్నాడు. "గీకు."

జగన్మోహన్‌రావు ఒక నిమిషం ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత వంగి చాకు తీసుకున్నాడు. సిద్దిరాములు స్టూలు దగ్గరికి జరుపుకొని, బీడీ వెలిగించి, ఎదురుగా కూర్చున్నాడు.