మల్లప్ప కూత

మా శైలజకు రాత్రి డ్యూటీ అంటేనే ఇష్టం. చెబితే ఎవరూ నమ్మరు. పాలమూరులో ఆపరేషన్ అయినవాళ్లను ఉంచే ఐసీయూలో మేమిద్దరం ఏళ్లుగా కలిసి రాత్రులు చేస్తున్నాం. రోగి పక్కన కుదురుగా నిలబడే వీలు అప్పుడే దొరుకుతుందంటుంది. కొల్లాపూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చి నర్సింగులో చేరినప్పుడు, రాత్రిళ్లు బయటుండే కొలువేమిటని చుట్టాలు మూతి విరిచారట. ఇప్పుడు వాళ్లకు జలుబు చేసినా ఈమెకే ఫోన్. తిడుతూనే మందు చెబుతుంది.

మల్లప్పది అచ్చంపేట వైపు. గొర్లు కాస్తాడు. పేగుకు చిల్లు పడితే పొట్ట కోసి కుట్టారు. ఆపరేషన్ బాగానే జరిగింది, గొంతులోని గొట్టం కూడా తీసేశారు. కానీ మనిషి దగ్గడు, గట్టిగా ఊపిరి తీయడు. ఛాతీలో కఫం పేరుకుని ఆక్సిజన్ తగ్గిపోతోంది.

"గిట్లనే ఉంటే తెల్లారి మళ్ల గొట్టం వెయ్యాలె. ఈ వయసుల మళ్ల మెషిన్ మీదికి పోతే బయటపడుడు కష్టం" అన్నారు డాక్టర్ దివాకర్.

శైలజ నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చింది. వీపు తట్టింది, బతిమిలాడింది, బెదిరించింది. అతను నోరు బిగించుకుని పైకప్పు చూస్తూ పడుకున్నాడు. నాకైతే ఒళ్లు మండింది. ఇంత మొండి మనిషిని నేను చూడలేదు.

శైలజ బయటికెళ్లి అతని భార్య గోపమ్మను అడిగింది.

"దగ్గొద్దని నేనే చెప్పిన బిడ్డా. కుక్కలు పట్టిన గొర్రెకు పొట్ట కుట్టినంక మేం మూతి కడుతం. అరిస్తే కుట్లు తెగుతయ్ గద. గట్ల ఎన్నిటిని బతికిచ్చిండో ఆయన."

శైలజ నవ్వలేదు, కోప్పడలేదు. గోపమ్మ చేతులు కడిగించి లోపలికి తెచ్చింది. దుప్పటి మడిచి మల్లప్ప కుట్ల మీద పెట్టి, ఆమె రెండు చేతులూ దాని మీద ఆనించింది.

"కుట్లు అవ్వ పట్టుకుంది తాతా, తెగయ్. నువ్వు దగ్గకు. గొర్లు పక్కోళ్ల చేన్ల వడుతున్నయ్, జర కూతేసి ఎనుకకు మలుపు."

అతను భార్య వైపు చూశాడు.

"కూతెయ్యి, నేను పట్టుకున్న" అంది గోపమ్మ.

మొదటి కూత పెదాలు దాటలేదు. రెండోది సగంలో ఆగింది. మూడోసారి ఛాతీ నిండా గాలి పీల్చి, అడవి అంచున వేసే కూతే వేశాడు. పక్క మంచాల వాళ్లు ఉలిక్కిపడి లేచారు. వెంటనే దగ్గు తెరలు తెరలుగా వచ్చి కఫం ఊడిపడింది. "ఇంకోటి మలగలే తాతా, ఇంకో పారి" అంటూ శైలజ వదలలేదు. తెల్లవార్లూ మా ఐసీయూలో గొర్లు మలుగుతూనే ఉన్నాయి.

పొద్దున దివాకర్ సార్ వచ్చి స్క్రీన్ చూశారు. ఛాతీ విన్నారు, మళ్లీ విన్నారు. "గొట్టం అక్కర్లేదు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. శైలజ మాత్రం యుద్ధం గెలిచినదానిలా చేతులు నడుముకు పెట్టుకుని నిలబడింది.

మల్లప్పను వార్డుకు మార్చే రోజున, పక్క మంచంలో కొత్తగా పొట్ట కుట్టించుకున్న ఒకాయన నోరు బిగించుకుని పడుకుని ఉన్నాడు. మల్లప్ప తనను తోసుకెళ్తున్న బండిని ఆపించాడు.

"దగ్గు నాయినా" అన్నాడు. "ఏం తెగది."