బ్యాటరీ అర్జీ

మా ఆఫీసు టీ గదిలో బాంబు ఉందని నేను కేకలు పెట్టిన మాట నిజం. నీళ్ల ఫిల్టరు వెనక ఒక బియ్యపు సంచి, అందులోంచి గోడ ప్లగ్గులోకి వైరు, లోపల మిణుకు మిణుకుమంటూ ఎర్ర దీపం. ఎవరూ రాకముందే ఆఫీసుకొచ్చిన మనిషికి ఇంకేమనిపిస్తుంది? నా కేకకు మా ఆఫీసు ఊడ్చే ఆమె చీపురుతోనే పరిగెత్తుకొచ్చింది.

"భయపడకుండ్రి సార్! నా బండి బ్యాటరీ అది. జరసేపైతే తీసేస్త."

ఆమె ఊరవతల జల్‌పల్లి నుంచి వస్తుంది. ఎవరో వాడి అమ్మేసిన ఎలక్ట్రిక్ స్కూటీ కొనుక్కుంది. రోజూ దాని బ్యాటరీ ఊడదీసి, సంచిలో వేసుకుని, రెండంతస్తులు మోసుకొచ్చి, ఊడ్చి తుడిచేలోపు చార్జింగు పెట్టుకుంటోందట. ఆఫీసులో చీమ చిటుక్కుమన్నా నాకు తెలుస్తుందని గొప్పలు పోయేవాణ్ణి. నెలల తరబడి నా ముక్కు కిందే జరుగుతున్న సంగతి నాకు తెలియనే లేదు.

"ఇంట్లో పెట్టుకోవచ్చు కదమ్మా?"

"కిరాయి ఇల్లు సార్. ఓనరు ప్లగ్గు ముట్టనియ్యడు. తోవల చార్జింగ్ పెట్టేకాడికి పోయిన. గా వైరు కార్లది, నీ బండికి పట్టదన్నరు."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. నాకు పిరికితనం, దాని మీద నోటి దురద. టీవీలో చూసిన బ్యాటరీ మంటలన్నీ కలిపి, గోరంతను కొండంత చేసి పెద్దసారు చెవిన వేశాను. ఆమె పేరు చెప్పలేదు, అంతమాత్రం దయ చూపించాను. "ఒక సర్క్యులర్ పెట్టండి" అన్నారాయన. డ్రాఫ్టు రాయడంలో ఆఫీసులో నన్ను మించినవాడు లేడు. 'ఆఫీసు ఆవరణలో ఎవరూ, ఎట్టి పరిస్థితులలోనూ, వాహనాల బ్యాటరీలను చార్జింగు చేయరాదు.' ఎక్కడా సందు లేని వాక్యం. ఆ సాయంత్రం శాలిబండలో మా ఇంటిదాకా దాన్ని మనసులో చప్పరించుకుంటూ నడిచాను.

ఆ వారంలోనే కింద పార్కింగులో కరెంటు పనివాళ్లు దిగారు. ఆఫీసర్ల ఎలక్ట్రిక్ కార్లకు చార్జింగు పాయింట్లు బిగిస్తున్నారు! ఎవరూ అంటే ఎవరూ అని రాసిన నా వాక్యం ఇంకా నోటీసు బోర్డు మీదే ఉంది. ఉండబట్టలేక పెద్దసారును అడిగితే, "అది ఫెసిలిటీ అండీ, ఇది మిస్‌యూజ్" అన్నారు.

మర్నాడు ఆమే నా సీటు దగ్గరికొచ్చింది.

"సార్, మీరు మంచిగ రాస్తరంట. ఒక అర్జీ రాసియ్యుండ్రి. కింద కార్ల పక్కన ఒక్క మామూలు ప్లగ్గు ఇప్పియ్యుమని. కరెంటు పైసలు కట్టుకుంట."

ఇక్కడ పని కాగానే ఆమె ఉస్మాన్‌గంజ్‌లో ఒక హోల్‌సేల్ దుకాణానికి వెళ్లి ఎండుమిరప తొడిమలు తీస్తుందని అప్పుడే తెలిసింది. పదకొండుకల్లా కూర్చోకపోతే ఆ చోట్లో ఇంకొకరు కూర్చుంటారు. బస్సుల్లో వస్తే ఇక్కడే ఆలస్యం, అక్కడ మరీ ఆలస్యం. స్కూటీ మీద వస్తే, మధ్యలో చార్జింగు లేకుండా అది తిరిగి ఇల్లు చేరదు.

"గా పని పోతే ఇల్లు నడువది సార్. గిదే ఫికర్."

అడగనిదే అమ్మైనా పెట్టదు, రాద్దాం పదమ్మా అన్నాను. చేసిన పాపం కడుక్కోవడానికి ఇదే సమయమనుకుని, నా సర్వీసులో అంత మంచి కాగితం రాయలేదన్నంత బాగా రాశాను.

నాలుగో రోజు ఆ అర్జీ తిరిగి తిరిగి నా టేబుల్ మీదికే వచ్చింది. పైన పెద్దసారు చేతిరాత: 'వీలుపడదని జవాబు పెట్టండి.' నేను రాసిన అర్జీకి నేనే జవాబు రాయాలి. కాదనడానికి కారణం చూపించాలి, ఆ కారణం నేను రాసిన సర్క్యులరే. పోనీ, రాయనని అన్నానా? అనలేదు. 'మీ అర్జీని సానుభూతితో పరిశీలించడమైనది. సర్క్యులర్ దృష్ట్యా వీలుపడదని తెలియజేయడమైనది.' కామాలు సరిచూసి మరీ సంతకానికి పంపాను. దానికే ఇవాళ్టికీ నాకు సిగ్గేస్తుంది.

చదివి చెప్పమని ఆమె ఆ కవరు నా దగ్గరికే తెచ్చింది. చదివాను.

"అంటే ఇయ్యరా సార్?"

"ఇవ్వరమ్మా."

కాగితం మడిచి మళ్లీ కవర్లో పెట్టింది. "మీరు గంత మంచిగ రాసిస్తే, దానికి గిట్ల రాసినోడు ఎవడు సార్? వాడు మనిషేనా?"

ఇక దాచలేకపోయాను. "నేనేనమ్మా. సర్క్యులర్ రాసిందీ నేనే. ఆ రోజు పెద్దసారుకు చెప్పిందీ నేనే."

ఆమె నన్ను ఎగాదిగా చూసి నవ్వింది.

"ఊకోండ్రి సార్. నేను బాధపడతనని మీ మీద ఏసుకుంటున్నరు. మీరు గసుంటోళ్లు కాదు, నాకు తెల్వదా?"

కాదమ్మా, నిజం అనబోయాను. అప్పటికే ఆమె మిరప దుకాణానికి ఫోను కలిపింది.

"సేఠ్, రేపటి సంది నేను వస్తలేను. నా జాగల ఇంకొకరిని కూసోవెట్టుకోండ్రి."